36 మందికి ఒకరు, 54 మందికి ఒకరు

1862లో ఇంగ్లండు బడుల గ్రాంటుకు కత్తెర పడింది. రాబర్ట్ లో అనే రాజకీయ నాయకుడు తెచ్చిన నిబంధనలు డబ్బును హాజరుకూ పరీక్షకూ ముడిపెట్టాయి. చదవడం, రాయడం, లెక్కల్లో దేనిలో పిల్లవాడు తప్పినా రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత.

దెబ్బ తగిలింది పంతుళ్లకే. తరగతిలో సాయపడుతూ పని నేర్చుకునే కుర్ర పంతుళ్లు 1861లో 36 మంది పిల్లలకు ఒకరుండగా, 1866కల్లా 54 మందికి ఒకరే మిగిలారు. బడుల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నల్డ్ ఈ లెక్కను తన నివేదికలో ఎత్తిచూపాడు. గుంపు పెరిగాక మిగిలింది బట్టీయే. పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాఠం అప్పజెప్పిన పిల్లలూ ఉన్నారు. దాన్ని చదువనడానికి నోరు రాదు.

ఇంగ్లండు 1890లలో ఆ పద్ధతిని వదిలించుకుంది. ఈలోగా అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఇక్కడి పల్లెబడి పంతుళ్లకూ ఫలితాన్ని బట్టే గ్రాంటు వచ్చేది.