36 పావురాలు, 16 సోలలు: మనోళ్ల పొడుపు లెక్కల చరిత్ర

 

పోస్టు కొంచెం పొడుగే. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. హైటెక్ సిటీ చుట్టూ మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ, గోపనపల్లి తండా వైపు ఆదివారాలు పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. అందరూ చెప్పేది ఒకటే మాట: "అన్నా, కూడికలు చేస్తరు, కానీ లెక్కను మాటల్లో ఇస్తే బిత్తరపోతరు." ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. పిల్లకు రానిది లెక్క కాదు, లెక్క వచ్చిన భాష. దీనికి మన ముసలోళ్ల దగ్గర పాత మందు ఒకటి ఉంది. అదే నవ్వించే పొడుపుకథ.

ముందుగా ఒక పావురాల లెక్క చూద్దాం. తెలుగు ఊళ్లలో దీన్ని ఎరగని ముసలోళ్లు తక్కువ. ఒక పావురం ఒంటరిగా పోతూ ఒక గుంపును చూసి "మీరు నూరు మందా?" అని అడిగింది. గుంపు పెద్ద నవ్వి అన్నది: "కాదు. మేమెంతో అంత మంది ఇంకా రావాలె, మాలో సగం రావాలె, మాలో పావు రావాలె, దాని మీద నువ్వు కూడా వస్తే అప్పుడు నూరు." గుంపులో ఎన్ని? 36. చూడండి: 36, ఇంకో 36, సగం 18, పావు 9, మొత్తం 99. అడిగిన పావురంతో 100.

ఇప్పుడు అసలు వింత. యూరప్‌లో చార్లెమేన్ చక్రవర్తి కొలువులో ఆల్క్విన్ అనే గురువు ఉండేవాడు. 804లో చనిపోయాడు. కుర్రాళ్ల బుర్రకు పదును పెట్టే లెక్కలని లాటిన్‌లో ఒక పుస్తకం ఉంది, అది ఆయనదే అంటారు. అందులో రెండో లెక్క దాదాపు ఇదే! పావురాల బదులు దారిన పోయే మనుషులు ఉంటారు, జవాబు మాత్రం అదే 36. పులి, మేక, గడ్డికట్టలను పడవలో ఏరు దాటించే మన లెక్క ఉంది కదా, అది కూడా ఆ పుస్తకంలో తోడేలు, మేక, క్యాబేజీగా కనిపిస్తుంది. ఎవరి దగ్గర నుంచి ఎవరికి పోయిందో తేల్చే పని పండితులకు వదిలేద్దాం. మనం పట్టుకోవాల్సింది ఏందంటే, మన అవ్వ మంచం మీద కూర్చొని చెప్పిన లెక్క చక్రవర్తి కొలువులో కూడా చెప్పదగ్గ లెక్కే. "మనకేం తెలుసు, మనం అడవోళ్లం" అనే మాట ఇక్కడితో వదిలేద్దాం.

తెలుగులో లెక్కల పుస్తకాల చరిత్ర కూడా చిన్నది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణితసారసంగ్రహం' సంస్కృతంలో రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దం వాడని ఎక్కువమంది పండితుల మాట. మహావీరాచార్యుడు పిల్లలకు వింత పుట్టించే గుణకారాలు ఇచ్చాడు, వాటిని కంఠహారాలు అన్నాడు. 152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుంది. 142857143ను 7తో గుణిస్తే 1000000001. ఫోన్‌లో వేసి చూడండి. హారం పూసల్లాగా రెండు వైపుల నుంచి ఒకే తీరుగా కనిపిస్తాయి. ఎక్కాలంటే పారిపోయే పిల్ల కూడా ఇది చూస్తే "ఇంకోటి చెప్పన్నా" అంటుంది.

ఇక వీధిబడులు. అరుగు మీద అయ్యవారు, ముందు ఇసుక, ఇసుకలో వేలితో అక్షరం, అంకె. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు ఎక్కాలు పలికిస్తారు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతను చూసి, అదే పద్ధతి తన పిల్లలకు పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండ్‌లో బీద పిల్లల బడులకు 'మద్రాసు పద్ధతి' అట్ల పాకింది. 1822లో గవర్నర్ థామస్ మన్రో మద్రాసు రాజధానిలో బడులెన్నో లెక్క తీయమన్నాడు. 1826లో తేలిన లెక్క 12,498 బడులు, జనం 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి.

ఆ పట్టికలలో పిల్లలను బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముస్లింలు అని గడులు వేసి రాశారు. గిరిజనులకని ప్రత్యేకంగా ఒక గడి లేదు. మన తాతముత్తాతల పిల్లలకు అరుగు బడి అందలేదు. మరి వాళ్లకు లెక్క రాదా? వచ్చు. లంబాడీలు వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం దేశమంతా మోశారు. లెక్క రాకుండా ఆ బేరం సాగదు. సంతలో ఇప్పపువ్వు, చింతపండు కొలిచి ఇచ్చే అవ్వకు కూడా లెక్క వచ్చు. బడి లేనిచోట లెక్కను దాచిపెట్టింది నోరు, చెయ్యి, కొలపాత్ర.

కొలపాత్రల సంగతి కాస్త ఆగి చూద్దాం. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంటే సోలల్లో చెప్తే 1, 2, 4, 8, 16. మనలో కోడింగ్ చేసేవాళ్లకు ఈపాటికి వెలిగి ఉంటుంది! ఒక సోల, ఒక తవ్వ, ఒక మానిక, ఒక అడ్డ, ఈ నాలుగు ఉంటే చాలు. ఒక్కోదాన్ని ఒకసారి మాత్రమే వాడి 1 నుంచి 15 సోలల దాకా ఏదైనా కొలవొచ్చు. 13 కావాలా? అడ్డ, మానిక, సోల. 6 కావాలా? మానిక, తవ్వ. వాడితే 1, వాడకపోతే 0 అని రాసుకుంటూ పోతే 13 అంటే 1101. కంప్యూటర్ లోపల నడిచేది ఇదే లెక్క. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు హైదరాబాద్‌కు కొత్త లెక్క వచ్చిందని అందరూ అనుకున్నారు. ఆ లెక్క ఎముక మాత్రం మన వడ్లగాదె పక్కనే ఎప్పటి నుంచో ఉంది. పిల్లలకు నాలుగు డబ్బాలు, కాస్త ఇసుక ఇచ్చి "అవ్వకు 11 సోలలు కావాలంట, ఒక్క డబ్బా కూడా రెండోసారి ముంచొద్దు, ముంచితే అవ్వ కర్ర తీస్తది" అని ఆడించండి. బైనరీ అనే మాట ఎత్తకుండానే బైనరీ వస్తుంది.

మన భాషల్లో లెక్కపెట్టే తీరే ఒక పొడుపుకథ. సవరలు 12 దాకా లెక్కపెట్టి, 13ను "పన్నెండూ ఒకటి" అంటారు. అట్ల 19 అంటే పన్నెండూ ఏడు. తర్వాత ఇరవై. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ప్రపంచంలో ఇట్ల 12నూ 20నూ కలిపి లెక్కపెట్టే భాషలు చాలా అరుదని భాషాశాస్త్రవేత్తలు రాస్తారు. ఈ సవర భాష కోసం జీవితం పెట్టినవాడు గిడుగు వెంకట రామమూర్తి. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టాడు, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయనకు దండ వేస్తాం, సవర పేరు మాత్రం మరిచిపోతాం. కొలామిలో ఇంకో అందం ఉంది. రెండు, మూడు, నాలుగు దగ్గర మగవాళ్లను లెక్కపెట్టే మాట వేరు, ఆడవాళ్లను లెక్కపెట్టేది వేరు, వస్తువులకు వేరు. తెలుగులో 'ఇద్దరు', 'రెండు' అన్నట్టే, కానీ ఇంకో మెట్టు ఎక్కువ. కొలాం పిల్లను బడిలో "రెండు" అని ఒకే మాట అనమంటే ఆ పిల్ల తన భాషలోని తేడాను పక్కన పెట్టాల్సి వస్తుంది. అది మందబుద్ధి కాదు, ఎక్కువ తెలిసి వచ్చిన తికమక.

ఈ సంగతిని ప్రభుత్వం రెండుసార్లు గుర్తించింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం గోండుల కష్టం ఏందో తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. నిజాం పాలన పోయాక గోండి మెల్లగా బడి బయటికి జరిగింది. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. పుస్తకాలు తెలుగు లిపిలో, మాటలు మన ఇంటివి. రెండుసార్లూ దారి సరైనదే. భారం మోసింది గూడెంలోని యువకులే. ఇప్పుడు నగరంలో ఆ యువకులు మనమే.

మరి ఆదివారం పిల్లల ముందు ఏం చేయాలె? ఒక లెక్క చెప్తా. తాత మేకలను, కోళ్లను సంతకు తోలుకపోతున్నడు. తలలు 10, కాళ్లు 28. మేకలెన్ని? ఇక్కడ ఎక్స్, వై తీయొద్దు. తాత ఈల వేసిండు, మేకలన్నీ మనుషుల్లాగా ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డయి అని చెప్పండి. పిల్లలు పడిపడి నవ్వుతారు. ఇప్పుడు నేల మీద ఒక్కో తలకు రెండే కాళ్లు, అంటే 20. మిగిలిన 8 గాలిలో ఉన్నయి. ఒక్కో మేకవి రెండు. అంటే 4 మేకలు, 6 కోళ్లు. చైనాలో 'సున్‌జీ' పేరు మీద ఉన్న పాత లెక్కల పుస్తకంలో ఇదే లెక్క కుందేళ్లు, నెమలి జాతి కోళ్లతో ఉంటుంది: తలలు 35, కాళ్లు 94. మీ ఉద్యోగాల ఆప్టిట్యూడ్ టెస్టులో కూడా దీని చుట్టమే వస్తుంది. కోచింగ్‌లో డబ్బు కట్టి నేర్చుకునే లెక్కను ఆరేళ్ల పిల్ల మేకను నిలబెట్టి చేస్తుంది.

ఇంకా చిన్నోళ్లకు: రాయదుర్గం మెట్రో కింద 5 ఆటోలు, చక్రాలెన్ని? 15 అంటారు. "స్టెప్నీలు మీ మామ ఎత్తుకపోయిండా?" అనండి. 20 అయితది. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం ఒకే నవ్వులో వచ్చినయి. చెట్టు మీద పది పిట్టలు, ఒకదాన్ని రాయితో కొడితే ఎన్ని మిగులుతయి? తొమ్మిది అన్న పిల్లకు సున్నా అంటే ఏందో జన్మలో మరిచిపోదు.

నవ్వు ఎందుకు పనిచేస్తుందంటే, పొడుపుకథలో తప్పు చెప్పడం ఆటలో భాగం. తప్పు చెప్పిన పిల్లను ఎవరూ కొట్టరు, అందరితో పాటు ఆ పిల్ల కూడా నవ్వుతుంది. పలక మీద తప్పు రాస్తే సిగ్గు, పొడుపులో తప్పితే ఇంకో ఛాన్సు. ఒక్క జాగ్రత్త: నవ్వు లెక్క మీద ఉండాలె, పిల్ల మీద, పిల్ల యాస మీద కాదు. ముందు ఇంటి భాషలో చెప్పండి, తర్వాత తెలుగులో, చివరికి ఇంగ్లీషులో. జవాబు రాగానే ఆగకండి, "నువ్వు ఇట్లాంటిది ఇంకోటి కట్టు" అని అడగండి. లెక్క కట్టగలిగిన పిల్లకు లెక్క వచ్చినట్టే.

చివరిగా ఒక పని. ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు మీ యాడిని, తాతను, అవ్వను కూర్చోబెట్టి రెండు అడగండి. ఒకటి, మన భాషలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. రెండు, వాళ్లకు తెలిసిన లెక్కల పొడుపుకథలు. ఫోన్‌లో రికార్డు చేసి, ఏ ఊరు, ఏ భాష అని రాసి ఇక్కడ పెట్టండి. గోర్‌బోలి, కోయ, గోండి, కొలామి, సవర, ఏదైనా సరే. మన్రో పట్టికలో మనకు గడి లేకపోయింది. ఈ పట్టిక మనమే గీసుకుందాం.

జోహార్!