తల్లి సేవకు వెల: ఫిఖ్‌హ్ చరిత్రలో ఒక చర్చ

ఇల్లు చక్కబెట్టుకొని బిడ్డలను పెంచే స్త్రీని గురించి అడిగితే, “ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అని బదులు చెప్పడం మన సమాజంలో పరిపాటి. ముస్లిం కుటుంబాలు ఇందుకు మినహాయింపు కావు. అయితే ఆ “ఏమీ” అన్నదాన్ని గురించి ఇస్లామీయ ధర్మవేత్తలు శతాబ్దాల తరబడి చర్చించారు. పిండి విసరడం, రొట్టె కాల్చడం, పాలివ్వడం మొదలైన పనులను పేరుపేరునా తీసుకొని, ఇది ఎవరి బాధ్యత, దీనికి ప్రతిఫలం ఉన్నదా అని విచారించారు.

ఈ చర్చకు మూలం మదీనా జీవితంలో ఉంది. తిరగలి విసరి విసరి చేతులు కాయలు కాయగా, హజ్రత్ ఫాతిమా (రజి) ఒక సేవకుని కోరుతూ తండ్రిగారి ఇంటికి వెళ్ళారు. దైవప్రవక్త (స) అంతకంటే మేలైనదని చెప్పి, పడుకునే ముందు పఠించవలసిన తస్బీహ్‌ను నేర్పారు. హజ్రత్ అస్మా (రజి) భర్త జుబైర్ (రజి) గుర్రాన్ని మేపేవారు, నీళ్ళు తోడేవారు, దూరపు భూమి నుండి ఖర్జూరపు గింజలను నెత్తిన మోసుకొని వచ్చేవారు. ఈ రెండు వృత్తాంతాలూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో ఉండేవారన్న హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం కూడా అందులోనే ఉంది.

తరువాతి ధర్మవేత్తలు ఈ వృత్తాంతాల నుండే భిన్నమైన నిర్ణయాలు చేశారు. హంబలీ పండితుడు ఇబ్న్ ఖుదామా (మరణం 1223) ‘అల్ ముగ్నీ’లో, వంట చేయడం, పిండి విసరడం భార్యకు విధి కాదనీ, ఆ పుణ్యస్త్రీలు చేసింది సత్ప్రవర్తన కొద్దీ చేసిన సేవ అనీ అన్నారు. అదే మజ్‌హబ్‌కు చెందిన ఇబ్న్ ఖయ్యిమ్ (మరణం 1350) ‘జాదుల్ మఆద్’లో దీన్ని కాదన్నారు. అస్మా (రజి) బరువు మోయడం చూసి కూడా ప్రవక్త (స) జుబైర్ (రజి)ను వారించలేదు గనుక, లోకాచారాన్ని అనుసరించి ఇంటి సేవ భార్య బాధ్యతేనని వాదించారు.

మన దేశంలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ మధ్యమార్గం పట్టింది. కాసానీ (మరణం 1191) అభిప్రాయంలో ఇంటి పని భార్యకు ‘దియానత్’ రీత్యా విధి, ‘ఖజా’ రీత్యా కాదు. అనువాదకునికి ఈ రెండు మాటలూ చిక్కు పెడతాయి. రెండింటికీ ‘విధి’ అనే మాటే వాడితే అసలు భేదం పోతుంది. మొదటిది దైవానికీ దాసునికీ మధ్య ఉండే బాధ్యత. రెండవది ఖాజీ బలవంతంగా అమలు జరపగల బాధ్యత. రొట్టె కాల్చలేదని భార్యను ఖాజీ ముందుకు ఈడ్చే హక్కు భర్తకు లేదు. అయితే దైవం ముందు విధి అయిన పనికి ఆమె భర్త నుండి కూలి పుచ్చుకోరాదని కూడా కాసానీ అన్నారు.

పాలిచ్చే విషయంలో ఈ సూత్రం మరింత స్పష్టం. విడాకులు పొందిన తల్లి బిడ్డకు పాలిస్తే తండ్రి ఆమెకు ప్రతిఫలం చెల్లించాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని ‘తలాఖ్’ సూరా ఆదేశిస్తుంది. దీన్ని బట్టి మర్గీనానీ (మరణం 1197) ‘హిదాయా’లో, వివాహబంధంలో ఉండగా వేతనం లేదనీ, ఇద్దత్ ముగిసిన తరువాత ఉన్నదనీ నిర్ణయించారు. పరాయి దాది అడిగే దానికంటే ఎక్కువ అడగనంతవరకు తల్లికే ప్రాధాన్యమన్నారు. అవే పాలు, అదే బిడ్డ. పనికి విలువ ఉన్నదన్న సంగతి బంధం తెగిన తరువాత బయటపడింది.

దియానత్ అనే భావన స్త్రీని బలాత్కారం నుండి కాపాడింది. కాలక్రమంలో సమాజం దాన్ని తలక్రిందులు చేసింది. ఖాజీ లెక్కించని పనిని లెక్కకు రాని పనిగా భావించింది. ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపిన స్త్రీ విడాకులనాడు మెహర్, ఇద్దత్ భృతి తప్ప మరేమీ అడగలేని స్థితిలో పడింది.

ఇరాన్‌లోని షియా న్యాయవేత్తలు ఈ చిక్కును మరో వైపు నుండి విప్పారు. ఇంటి పని భార్యకు చట్టరీత్యా విధి కాకపోతే, అది భర్త కోరికపై జరిగిన సేవే అవుతుంది. ఉచితంగా చేసే ఉద్దేశం ఆమెకు లేనప్పుడు దానికి ‘ఉజ్రతుల్ మిస్ల్’, అంటే తగిన వేతనం, చెల్లించాలి. విడాకులు ఆమె కోరికపై గానీ ఆమె దోషం వల్ల గానీ జరగనప్పుడు ఈ హక్కు వర్తించేలా 1992లో శాసనం చేశారు.

మన దేశంలో ఈ సేవ విలువ న్యాయస్థానాల్లో ముఖ్యంగా గృహిణి మరణించిన తరువాతే తేలింది. 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాద మృతుల కేసులో సుప్రీంకోర్టు 2001లో గృహిణి సేవకు నెలకు 3,000 రూపాయలు కట్టింది. 2001 జనగణన గృహిణులను బిచ్చగాళ్ళు, ఖైదీల సరసన చేర్చడాన్ని అదే కోర్టు 2010లో గర్హించింది. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసేవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు.

ప్రతి రొట్టెకూ ధర కట్టాలని ఎవరూ కోరరు. ప్రేమతో చేసే సేవకు దైవం వద్ద ప్రతిఫలం ఉందని విశ్వాసుల నమ్మకం. అయితే ఆ ప్రతిఫలాన్ని సాకుగా చూపి మనుషులు తమ బాకీ ఎగవేయరాదు. లోకాచారం భార్యను సేవకు కట్టివేస్తుందన్న ఇబ్న్ ఖయ్యిమ్ వాదాన్ని అంగీకరించేవారు, అదే ఆచారం భర్తపై కృతజ్ఞతనూ న్యాయాన్నీ మోపుతుందని కూడా అంగీకరించక తప్పదు. నికాహ్ వేళ మెహర్ నిర్ణయించే పెద్దలు, విడాకుల వేళ పరిష్కారం చెప్పే ఖాజీలు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.