నల్లమల చెంచు గుడిసె

చెంచు గుడిసె నల్లమల అడవులలో నివసించే చెంచులు తరతరాలుగా కట్టుకొనుచున్న ఇల్లు. గుండ్రని తడిక గోడ, దానిపై శంకువు ఆకారంలో గడ్డి కప్పు దీని ముఖ్య లక్షణాలు. పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు ప్రాంతాలలోను, కొండలకు ఆవలివైపున నంద్యాల, నాగర్‌కర్నూల్ జిల్లాలలోను చెంచుల గూడేలు కలవు. అడవి లోపలి చిన్న నివాసాన్ని "పెంట" అని కూడా అంటారు. శ్రీశైలం సమీపంలోని సున్నిపెంట (సుండిపెంట) వంటి ఊరి పేర్లలో ఈ మాట నేటికీ నిలిచి ఉన్నది.

నిర్మాణం

ముందుగా నేలపై వృత్తం గీసి, ఆ గీత వెంబడి గుంజలు పాతుతారు. గుంజల మధ్య చీల్చిన వెదురుబద్దలతో గాని, సన్నని కొమ్మలతో గాని తడిక అల్లుతారు. పైన వెదురు వాసాలను ఒక కొసకు చేర్చి చెట్టు నారతో బిగించి, బోదగడ్డి కప్పుతారు. మేకు అవసరం ఉండదు. కప్పు చూరు బాగా కిందికి దిగి ఉండుటచే తడికపై వాన జల్లు పడదు. ద్వారం పొట్టిది గనుక వంగి లోనికి పోవలెను. లోపల పొయ్యి ఉంటుంది. పొగ గడ్డి సందుల గుండా మెల్లగా వెలుపలికి పోతూ కప్పుకు పురుగు పట్టకుండా కాపాడుతుంది. అదే పొగ ఇంటివారి కళ్ళకు, ఊపిరితిత్తులకు చేటు అన్నది వేరే సంగతి.

గుండ్రని ఆకారం కేవలం అలవాటు వలన వచ్చినది కాదు. ఒకే వైశాల్యం గల ఆకారాలన్నింటిలో వృత్తానికి చుట్టుకొలత అతి తక్కువ. ఉదాహరణకు 12 చదరపు మీటర్ల గదికి చతురస్రమైతే సుమారు 13.9 మీటర్ల గోడ కావలెను, వృత్తమైతే 12.3 మీటర్లు చాలును. అనగా తొమ్మిదింట ఒక వంతు వెదురు, శ్రమ మిగులుతాయి. మూలలు లేనందున గాలి తాకిడి కూడా తక్కువ. కోస్తాలోని చుట్టిల్లుకు ఇదే సూత్రం వర్తిస్తుంది, అయితే అక్కడ గోడ మట్టిది.

ఇప్ప పూలు, తేనె సేకరించు కాలంలో చెంచులు గూడెం విడిచి అడవిలోనికి పోయినపుడు ఆకులతో, కొమ్మలతో తాత్కాలికమైన నీడ వేసుకొనేవారు. రాతి చరియల కింద తలదాచుకొనుట కూడా ఉండేది.

పరిశీలనలు

ఆస్ట్రియా దేశంలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో నాటి హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల మధ్య ఉండి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించాడు. అందులో వారి ఇళ్ళ వర్ణన ఉన్నది. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాకు చెందినది. 1970లో ఒంగోలు జిల్లా (నేటి ప్రకాశం) ఏర్పడినపుడు ఈ ప్రాంతం అందులో కలిసింది.

వాస్తుశిల్పి లేకుండా కట్టిన ఇళ్ళపై లోకం దృష్టి 1964లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలలో బెర్నార్డ్ రుడోఫ్‌స్కీ ఏర్పరచిన ప్రదర్శనతో బాగా మళ్ళింది. అడవిలోని చిన్న కుటీరం నేడు పాశ్చాత్యులకు ఒక ఆదర్శం. అమెరికా రచయిత థోరో 1845లో వాల్డెన్ సరస్సు ఒడ్డున 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదిలో కాపురం పెట్టి, రెండేళ్ళ పైచిలుకు ఉన్నాడు. చెంచులకు అది ప్రయోగం కాదు, నిత్యజీవితం.

పక్కా ఇళ్ళు

ప్రభుత్వ పథకాల కింద అనేక గూడేలలో సిమెంటు ఇళ్ళు, రేకుల ఇళ్ళు వచ్చినవి. వీటివలన వానకు, పాములకు, అగ్నిప్రమాదానికి భయం తగ్గింది. గడ్డి కప్పును తరచు మార్చవలసిన బాధ కూడా లేదు. కావున పక్కా ఇల్లు కోరుకొనే చెంచులను తప్పుపట్టుట తగదు. కాని ఎండాకాలంలో రేకుల కింద పగటిపూట నిలువలేక, ఇంటి పక్కనే గుడిసె లేదా పందిరి వేసుకొనేవారు ఉన్నారు. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం-జన్‌మన్ పథకంలో ఇంటికి 2.39 లక్షల రూపాయలు నిర్ణయించారు. ఆ సొమ్ముతోనే గుడిసెలోని చల్లదనాన్ని, దిగిన చూరును నిలుపుకొనే నమూనా గీయుట అసాధ్యమేమీ కాదు.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. అందువలన అడవి లోపల శాశ్వత నిర్మాణాలు కష్టం. యర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల వంటి గూడేలు దట్టమైన అడవిలో ఉన్నవి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుతో సహా చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కును, ఆదిమ తెగల ఆవాస హక్కును గుర్తించింది. వెదురు, గడ్డి చేతికందని చోట గుడిసె కట్టే నేర్పు కూడా ఒక తరంలో మరుగున పడగలదు.

పర్యాటక కుటీరాలు

ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలోను, గిద్దలూరు-నంద్యాల రహదారిపై పచ్చర్లలోను అటవీశాఖ పర్యాటకులకు కుటీరాలు, గుడారాలు ఏర్పరచింది. పెద్దదోర్నాల-శ్రీశైలం మార్గంలోని తుమ్మలబైలు వద్ద అడవి సఫారీ కలదు. ఇట్టి చోట్ల కొత్త కుటీరాలు కట్టదలచినవారికి మార్కాపురం పలకరాయి, వెదురు, గడ్డి సమీపంలోనే లభించు సామగ్రి. తడిక అల్లగలవారు పక్క గూడెంలోనే ఉన్నారు.