జనగామ బురుజుల నుంచి గోదావరి అడవుల దాకా: సాయుధ దళాల నిర్ణయాలు

తెలంగాణ సాయుధ పోరాట దళాల్లో ఎక్కువమంది రైతులు, కూలీలు. వాళ్ల సైనిక శిక్షణ అంతంతమాత్రమే. అయినా శత్రువు ఎదురుపడ్డప్పుడు తటపటాయించకుండా కదలగలిగారంటే, చాలా సంగతులు ముందే తేల్చుకుని ఉండటం వల్లనే.

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటికి సంఘం వాలంటీర్ల చేతుల్లో ఉన్నవి గుతుపలు, వడిసెలలే. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాక ఊళ్ల కాపలాకు గ్రామ దళాలు, ఊరూరా తిరిగి పోరాడేందుకు గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం మొదటివాటిలో సుమారు 10 వేల మంది, రెండోవాటిలో 2 వేల మంది ఉండేవారు.

గ్రామ రక్షణ ఎలా సాగిందో బైరాన్‌పల్లి చూపుతుంది. ఈ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో, జనగామకు దగ్గర్లో ఉంది. ఊళ్లోని ఎత్తైన బురుజు మీద కాపలా ఉండేది. నిజాం పాలనకు అండగా నిలిచిన సాయుధ మూకలైన రజాకార్లు కనిపిస్తే నగారా మోగేది, జనం దొరికిన ఆయుధంతో పోగయ్యేవారు. ఏం చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకునే పని లేదు. ఇలా ఒకటికి రెండుసార్లు దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతో పాటు నిజాం సైన్యం ఫిరంగులతో వచ్చింది. 80 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఊరివాళ్ల ధైర్యంలో లోటేమీ లేదు. బందిపోటు తరహా దాడులకు సరిపోయిన ఏర్పాటు ఫిరంగిని ఆపలేకపోయింది.

ముందే తేల్చుకున్నది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో అర్థం చేసుకోవడానికి ఒక పరిశోధన ఉపయోగపడుతుంది. అమెరికా మనస్తత్వవేత్త గేరీ క్లైన్ 1980లలో అగ్నిమాపక దళాల అధికారులను పరిశీలించాడు. అనుభవజ్ఞులు నాలుగు మార్గాలను బేరీజు వేయరని, పరిస్థితిని గుర్తుపట్టి పనికొచ్చే మొదటి మార్గాన్నే పట్టుకుంటారని తేల్చాడు. పరిస్థితే కొత్తదైతే ఆ గుర్తింపు దారి తప్పుతుంది.

1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక దళాలకు ఎదురైంది అలాంటి కొత్త పరిస్థితే. మైదాన గ్రామాల్లో పెద్ద దళం దాగడం కష్టమైంది. దళాలను చిన్నవిగా విడగొట్టి మానుకోట (నేటి మహబూబాబాద్), ఇల్లందు, ములుగు ప్రాంతాల గోదావరి అడవుల్లోకి తరలించారు. అడవిలో పార్టీ పైకమిటీకి కబురు పంపి జవాబు కోసం ఆగే వ్యవధి దొరకదు కాబట్టి, అప్పటికప్పుడు తేల్చాల్సింది దళ కమాండరే. ఆ నిర్ణయానికి ఆధారం కోయగూడేల నుంచి అందే సమాచారం. సైన్యం ఆ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టడంతో తిండీ, కబురూ రెండూ తెగాయి. 1951 అక్టోబర్ 21న పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది.