చిలకల బెడద నుంచి విహారతీరం దాకా

ఆస్ట్రేలియా తూర్పు కోస్తాలో, బ్రిస్బేన్‌కు దక్షిణాన కరంబిన్ అనే ఊరుంది. అక్కడి వన్యప్రాణి కేంద్రంలో రోజూ పొద్దున, సాయంత్రం ఒక సందడి జరుగుతుంది. వచ్చినవాళ్లు తియ్యటి జావ పోసిన పళ్లేలు పట్టుకుని వరసగా నిలబడతారు. కాసేపటికి చెట్ల మీంచి లోరికీట్ చిలకలు గుంపులు గుంపులుగా దిగుతాయి. నీలం తల, నారింజ రొమ్ము, ఆకుపచ్చ రెక్కలు, ఎర్ర ముక్కు. పళ్లెం అంచు మీద, మోచేతి మీద, నెత్తి మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ వాలిపోతాయి. పక్కవాళ్ల మాట వినబడనంత గోల చేస్తాయి. మన రామచిలకలా కాయలు కొరకడం మీద బతికే పక్షి కాదిది. దీని నాలుక చివర సన్నటి కుచ్చు ఉంటుంది. పూలలోని మకరందాన్నీ పుప్పొడినీ దాంతోనే అద్దుకుని తింటుంది.

ఈ వేడుక పుట్టింది పూలతోటను కాపాడుకోవాలన్న ఆరాటంలోంచి. అలెక్స్ గ్రిఫిత్స్ అనే ఆయన అక్కడ తేనెటీగలు పెంచుతూ పూలు సాగుచేసేవాడు. మకరందానికి అలవాటుపడ్డ లోరికీట్లు ఆయన పూలను పాడుచేసేవి. వాటిని తోటకు దూరంగా ఉంచడానికి ఆయన విడిగా మేత పెట్టడం మొదలుపెట్టాడు. చిలకలు మేతకు మరిగాయి, వాటిని చూడటానికి జనం మరిగారు. అలా 1947లో పక్షుల కేంద్రం తయారైంది. గ్రిఫిత్స్ దాన్ని సొంత వ్యాపారంగా అమ్ముకోలేదు. 1976లో నేషనల్ ట్రస్టు ద్వారా క్వీన్స్‌ల్యాండ్ ప్రజలకు ఇచ్చేశాడు. తర్వాత అక్కడే గాయపడిన అడవి జంతువులకు, పక్షులకు ఆస్పత్రి కూడా వచ్చింది.

కరంబిన్ ఉన్న తీరాన్నే నేడు ప్రపంచం గోల్డ్ కోస్ట్ అంటోంది. ఇది యుగంబే భాష మాట్లాడే ఆదివాసుల నేల. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్లు ఇక్కడికి ముందుగా వచ్చింది ఎర్ర దేవదారు కలప కోసం. 1889లో సౌత్‌పోర్ట్ దాకా రైలు వేశాక బ్రిస్బేన్ వాసులు సెలవులకు రావడం మొదలైంది. 1925లో నెరాంగ్ నది మీద వంతెన పడింది. అదే ఏడు జిమ్ కావిల్ అనే హోటల్ యజమాని ఎల్స్టన్ అనే చిన్న పల్లెలో సర్ఫర్స్ ప్యారడైజ్ పేరుతో హోటల్ తెరిచాడు. గిరాకీ కోసం హోటల్ వెనక చిన్న జంతుశాల కూడా పెట్టాడు. 1933లో హోటల్ పేరే ఊరి పేరుగా ఖాయమైంది. 1936లో హోటల్ కాలిపోతే మళ్లీ కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరాస్తి బేరగాళ్లు ఈ తీరం మీద పడ్డారు. 1959కల్లా ఇది నగరమైంది. వాటర్ స్కీయింగ్ ఆటలు నడిపిన కీత్ విలియమ్స్ 1970ల మొదట్లో సీ వరల్డ్ అనే వినోద పార్కును నిలబెట్టాడు. 2005లో వచ్చిన క్యూ1 భవనం ఎత్తు 322 మీటర్లు.

సముద్రం వైపు ఇంత హడావిడి జరిగితే, వెనక కొండల్లో వేరే కథ నడిచింది. అక్కడి వర్షారణ్యాన్ని కాపాడాలని మొదట పట్టుబట్టినవాడు రాబర్ట్ కాలిన్స్. అమెరికా వెళ్లి, జాతీయ పార్కు అన్న ఆలోచనను అక్కడ చూసి వచ్చాడు. ఫలితం చూడకుండానే 1913లో చనిపోయాడు. ఆ పని అందుకున్నవాడు రోమియో లేహీ. ఈయనది కలప కోత మిల్లుల కుటుంబం! చెట్లు కోసి బతికిన ఇంట్లో పుట్టి, అడవి నిలవాలని ఊరూరా సంతకాలు సేకరించాడు. 1915లో లామింగ్టన్ జాతీయ పార్కు ఏర్పడింది. ఇప్పుడు దాని విస్తీర్ణం 20 వేల హెక్టార్ల పైమాటే. ఆ పేరు క్వీన్స్‌ల్యాండ్ గవర్నరుగా చేసిన లార్డ్ లామింగ్టన్‌ది. ఆయన తర్వాత బొంబాయి గవర్నరుగా వచ్చాడు. 1940లో లండన్ కాక్స్టన్ హాల్లో ఉధమ్ సింగ్ మైకేల్ ఓడ్వయర్‌ను కాల్చిచంపినప్పుడు గాయపడ్డవారిలో ఈయనా ఒకడు.

ఇక అసలు ఆకర్షణ అయిన ఇసుక సంగతి. ఈ తీరంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు. దక్షిణం నుంచి వచ్చేది, ఉత్తరానికి పోయేది సరిపోతున్నంత కాలం బీచి అలాగే ఉంటుంది. 1960ల మొదట్లో పడవల రాకపోకల కోసం ఈ తీరానికి దక్షిణాన ఉన్న ట్వీడ్ నది ముఖద్వారంలో రాతి గోడలను సముద్రంలోకి పొడిగించారు. ఇసుక ఆ గోడల వెనక నిలిచిపోయింది. ఉత్తరాన ఉన్న బీచిలకు వచ్చేది తగ్గింది, పోయేది మాత్రం ఆగలేదు. దాని మీద 1967లో వరస తుఫాన్లు వచ్చి తీరాన్ని కోసేశాయి. ఒడ్డు మీద హోటళ్లు మిగిలాయి గానీ వాటి ముందు ఇసుక మిగల్లేదు.

దీనికి విరుగుడుగా 2001 నుంచి ట్వీడ్ దగ్గర పంపులు నడుస్తున్నాయి. నదికి దక్షిణాన పోగుపడే ఇసుకను నీళ్లతో కలిపి లాగి, గొట్టాల ద్వారా నది కింది నుంచి ఉత్తరపు ఒడ్డుకు పంపుతారు. నగరానికి ఉత్తర కొసన ఉన్న సీవే అనే పడవల దారి దగ్గర 1986 నుంచే ఇలాంటి ఏర్పాటు ఉంది. ట్వీడ్ నుంచి తోడిపోసిన ఇసుకతో స్నాపర్ రాక్స్ దగ్గర ‘సూపర్‌బ్యాంక్’ అనే పొడవాటి ఇసుక మేట ఏర్పడింది. అక్కడ విరిగే అలల కోసం ప్రపంచం నలుమూలల నుంచి సర్ఫింగ్ చేసేవాళ్లు వస్తారు. సహజమైన బీచి అని వాళ్లు మురిసిపోయేది చాలావరకు యంత్రాలు మోసుకొచ్చిన ఇసుక.

ఈ కథ మనకు కొత్తది కాదు. విశాఖపట్నంలోనూ ఇసుక ఉత్తరానికే నడుస్తుంది, ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డుపడతాయి. ఆర్కే బీచి కోసుకుపోవడం, డ్రెడ్జర్ ఇసుక తెచ్చి పోయడం నగరవాసులు చూస్తున్నదే. తీరాన్ని పర్యాటకం పేరుతో అమ్ముకోవడం ఒకసారి జరిగే పని. దాన్ని నిలబెట్టుకోవడం ఏటా చేయాల్సిన పని, ఏటా పెట్టాల్సిన ఖర్చు. బీచి రోడ్డు మీద కొత్త హంగులకు శంకుస్థాపన చేసేముందు, ఆ బీచికి ఏటా వచ్చే ఇసుక ఎంత, పోయే ఇసుక ఎంత అన్న లెక్కను పాలకులు జనం ముందు పెట్టాలి. పెట్టకపోతే మనమే అడగాలి.