పందెము లేని పరుగు

పరుగన్నంతనే మనకు పందెము స్ఫురించును. పందెమన్నంతనే గెలిచినవాని మెడలోని పతకము కన్నులకు గట్టును. కాని నేడు తెల్లవారుజామున పరుగెత్తుచున్నవారిలో అత్యధికులు ఏ పతకమునకును ఆశపడువారు కారు. ఉద్యోగము చేసికొనువారు, సంసారము దిద్దుకొను గృహిణులు, పింఛను పుచ్చుకొనుచున్న పెద్దలు మూడు మైళ్లో ఆరు మైళ్లో పరుగెత్తి, ఇంటికి వచ్చి కాఫీ త్రాగి, తమ పనులలో ప్రవేశించుచున్నారు. ఈ యలవాటు అనాదిగా వచ్చినది కాదు. దీనికొక చరిత్ర కలదు. అందులో ముఖ్యమైన యొక యధ్యాయము దక్షిణ గోళమందలి న్యూజీలాండు దేశములో, జోళ్ల కర్మాగారమున పనిచేసిన యొక మనుష్యునితో ప్రారంభమైనది.

ఆతని పేరు ఆర్థర్ లిడియార్డ్. 1917లో ఆక్లండు నగరమున జన్మించెను. యౌవనమున రగ్బీ ఆడినవాడు గనుక తాను దృఢకాయుడనని నమ్మియుండెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు కాలమున, తనకంటె పెద్దవాడైన యొక మిత్రుడు ఆతనిని అయిదారు మైళ్ల పరుగునకు వెంటబెట్టుకొని పోయెను. కొంత దూరమునకే లిడియార్డునకు ఊపిరి అందదాయెను, కాళ్లు తేలిపోయెను. ముప్పది యేండ్లు నిండకమునుపే యిట్లున్నచో, ఇరువది యేండ్ల తరువాత నా గతి యేమి? ఆనాడు ఆతనికి కలిగిన ఈ ప్రశ్న మనలో ఎందరికో ఏదో యొకనాడు మెట్లెక్కుచుండగా కలుగునదే. మనము రెండు దినములలో దానిని మరచిపోవుదుము. ఆతడు మరువలేదు.

తరువాత అనేక సంవత్సరములు ఆతడు తన శరీరమునే ప్రయోగశాలగా చేసికొనెను. వారమునకు ఎన్ని మైళ్లు, ఎంత వేగముతో పరుగెత్తిన బలము పెరుగునో, ఎక్కడ క్షీణించునో తానే పరీక్షించి చూచెను. 1953లోను 1955లోను న్యూజీలాండు మారథాన్ విజేత ఆతడే. ఆతడు కనుగొన్న సూత్రము చెప్పుటకు సులభము, ఆచరించుటకు కష్టము. మొదట నెలల తరబడి, ప్రక్కవానితో మాటలాడగలిగినంత నిదానముగా దూరము పరుగెత్తవలెను. వేగము తరువాతి సంగతి. ఇట్టి పరుగువలన గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో ఎక్కువ రక్తమును పంపగలుగును. కండరములలో సన్నని రక్తనాళములు వృద్ధి పొందును. పునాది గట్టిపడిన పిమ్మట మిట్టలెక్కుట, ఆ పిమ్మట వేగము, చివరకు పందెము. రైతునకు దుక్కి, విత్తు, కోత వేరువేరు కార్తెలలో వచ్చినట్లు, పరుగునకును ఏడాదిలో వేరువేరు కాలములు కలవని ఆతని మతము.

ఈ పద్ధతికి పరీక్ష 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో జరిగెను. సెప్టెంబరు 2వ తేదీన ఆతని శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరి యొక శిష్యుడు మర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలోను స్వర్ణపతకములు గెలిచిరి. హాల్‌బర్గునకు రగ్బీ ఆటలో తగిలిన గాయమువలన ఎడమచేయి పట్టు తప్పియుండెను. కొన్ని దినములకు బారీ మేగీ మారథానులో కాంస్యపతకము నందెను. ఆక్లండు పడమటి కొండలలో 22 మైళ్ల బాట వీరందరికిని గురుకులము. రెండు నిమిషములలో ముగియు పందెము కొరకు స్నెల్ సైతము ఆ 22 మైళ్లు పరుగెత్తెను.

పతకముల కథ ఇంతటితో చాలును. మనకు కావలసినది తరువాతి కథ. ఆ దినములలో గుండెపోటు వచ్చినవానిని వారముల తరబడి మంచము దిగవలదనుట వైద్యలోకమున సామాన్యాచారము. ఆ యభిప్రాయము అప్పుడప్పుడే మారుచుండెను. 1953లో జెరీ మారిస్ అను ఆంగ్ల వైద్యుడు లండను బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక విశేషము ప్రకటించెను. రోజంతయు కూర్చుండు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగు కండక్టర్లకు హృద్రోగము తక్కువగా నుండెను. గుండెకు పని చెరుపు కాదు, మేలని దీనివలన తోచెను. 1962లో ఆక్లండులో లిడియార్డు ప్రోత్సాహమున జాగింగు చేయువారి సంఘమొకటి వెలసెను. అందులో వ్యాపారులు, బొజ్జ పెరిగినవారు, గుండెజబ్బు అనుభవించినవారు కూడ చేరిరి. ప్రాణభయమున్నవారికి పరుగు నేర్పుట సాహసమే. అందుకనియే నిదానము అచ్చట నియమమాయెను.

ఆ సంవత్సరాంతమున అమెరికానుండి బిల్ బవర్‌మన్ అను ప్రసిద్ధ శిక్షకుడు ఆక్లండునకు వచ్చెను. వయస్సు 51. ఇతరులను పరుగెత్తించుటయే తప్ప తాను పరుగెత్తుట మానియుండెను. ఆ సంఘమువారితో కలిసి బయలుదేరి కొద్ది దూరమునకే వెనుకబడెను. అప్పుడు డెబ్బది దాటిన వృద్ధుడొకడు, హృద్రోగము నెదుర్కొన్నవాడు, తన వేగము తగ్గించుకొని మాటలాడుచు అతనికి తోడుగా వచ్చెను. అతిథి సిగ్గుపడెను, కాని మానలేదు. కొన్ని వారములు అక్కడ పరుగెత్తి, స్వదేశమునకు మరలి 1963లో ఆరెగన్ రాష్ట్రమందలి యూజీన్ పట్టణమున సామాన్యులకు పరుగు నేర్పసాగెను. 1967లో ఒక హృద్రోగ వైద్యునితో కలిసి ఆతడు వ్రాసిన జాగింగ్ అను పుస్తకము విరివిగా ప్రచారమందెను. 1970లో న్యూయార్కు మొదటి మారథానులో బయలుదేరినవారు 127 మంది, ముగించినవారు 55 మంది. నేడు అచ్చట ముగించువారు ఏబది వేలకు పైబడుచున్నారు. దూరపు పరుగునకు తగరని ఒకప్పుడు వెలివేయబడిన స్త్రీలకు 1984లో ఒలింపిక్ మారథాన్ లభించెను. హైదరాబాదు వీధులలో సైతము నేడు ఏటేట మారథాన్ జరుగుచున్నది.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినదేమి? ఆరంభశూరత్వము మనకు క్రొత్త కాదు. మొదటి వారము కొత్త బూట్లు మనలను నడిపించును. రెండవ నెలలో ముసురో, చుట్టముల రాకయో, కాలినొప్పియో అడ్డువచ్చును. రెండు వారములు మానినంతనే కూడబెట్టిన దమ్ము తగ్గుట ప్రారంభించును. దేహపుష్టి గాదెలోని ధాన్యము కాదు, ఒకసారి నింపి ఏడాది పొడుగున తినుటకు. అది బావినీరు. తోడుకొనుచున్నంతకాలము ఊరును.

కావున ఉత్సాహమును నమ్ముకొనక ఏర్పాటును నమ్ముకొనుట మేలు. తోడొకరున్నచో, మన కొరకు వీధి మొగలో నిలిచియున్నవారిని తలచుకొనియైనను ప్రక్క దిగుదుము. మైళ్లు లెక్కించుటకంటె నిమిషములు లెక్కించుట తేలిక. మాట తడబడినచో వేగము తగ్గింపవలెను. మన యెండలలో సూర్యోదయమునకు ముందే ముగించుట క్షేమము. మానిన పిమ్మట మరల మొదలిడునప్పుడు పాత లెక్కను మరచి సగమునుండి ఆరంభింపవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు వైద్యుని యడిగిన తరువాతనే అడుగు వేయవలెను.

లిడియార్డు 2004లో, తన 87వ యేట, అమెరికాలో ఉపన్యాస యాత్ర చేయుచుండగా మరణించెను. ఇరువది యేండ్ల తరువాత నా గతి యేమి యని భయపడినవాడు, ఆ తరువాత అరువది యేండ్లు పరుగును గూర్చియే మాటలాడుచు జీవించెను. ఆతని శిష్యుల పతకములు మనకు రావు. కాని వెనుకబడినవాని కొరకు వేగము తగ్గించుకొన్న ఆ వృద్ధుని స్థానము మనలో ఎవరికైనను దొరకును. రేపటి యుదయము మన యింటిలో ఒకరిని వెంటబెట్టుకొని బయలుదేరిన చాలును.