టర్న్‌టేబుల్ డీజే మిక్సర్

టర్న్‌టేబుల్ డీజే మిక్సర్ అంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ రికార్డుల శబ్దాన్ని కలుపుతూ, పాట తెగకుండా ఒకదాని నుంచి మరొకదానికి మార్చే పరికరం. న్యూయార్క్‌లోని హేవెన్ క్లబ్బులో డీజే ఫ్రాన్సిస్ గ్రాసో కోసం సౌండ్ ఇంజనీరు అలెక్స్ రోస్నర్ 1971లో తయారుచేసిన ‘రోజీ’ తొలినాటి మిక్సర్లలో ఒకటి.

మిక్సర్ ఎంపికలో మొదట చూడవలసింది టర్న్‌టేబుల్‌ను కలిపే ఫోనో ఇన్‌పుట్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చే సంకేతం దాదాపు 5 మిల్లీవోల్టులే. సీడీ ప్లేయరుది 2 వోల్టుల దాకా ఉంటుంది. పైగా రికార్డు మీద గాడి చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. ఫోనో ప్రీయాంప్ సంకేతాన్ని పెంచడంతో పాటు ఈ తేడాను రికార్డుల పరిశ్రమ పాటించే ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం సరిచేస్తుంది. అది లేని మిక్సర్‌కు రికార్డు కలిపితే పాట సన్నగా, బలం లేకుండా వినిపిస్తుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను బిగించే మర కూడా మిక్సర్ వెనుక ఉండాలి. ఆ తీగ వదులైతే స్పీకర్లలో కరెంటు గుయ్‌మనే మోత మొదలవుతుంది.

రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి శబ్దాలు పుట్టించే స్క్రాచింగ్‌కు రెండు ఛానళ్లు చాలు. అక్కడ కీలకం ఒక ఛానల్ నుంచి మరొకదానికి శబ్దాన్ని మార్చే మీట, అంటే క్రాస్‌ఫేడర్: తేలిగ్గా జరగాలి, అంచు నుంచి మిల్లీమీటరు కదలగానే శబ్దం పూర్తిగా రావాలి. రాపిడితో అరిగే ఫేడర్ కొన్నాళ్లకు గరగరలాడుతుంది. అయస్కాంత ఫేడర్‌కు ఆ బాధ తక్కువ. పాటలను నిదానంగా కలిపే క్లబ్ డీజేలకు మాత్రం ఛానల్ ఫేడర్లు, మంద్ర, మధ్య, తార స్వరాలను విడివిడిగా సర్దే ఈక్వలైజర్, తదుపరి పాటను హెడ్‌ఫోన్లలో ముందే వినే క్యూ ఏర్పాటు ముఖ్యం.